సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొంటున్నారా? స్విఫ్టా, పోలోనా, ఐ20నా అని కాదు.. బానెట్ కింద ఏ ఇంజిన్ ఉందో తెలుసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి!

తక్కువ బడ్జెట్‌లో కారు కావాలి, మైలేజీ కూడా రావాలి అనుకునేవాళ్లు ఎక్కువగా సెకండ్ హ్యాండ్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్‌ల వైపే చూస్తున్నారు. కొత్తది కొందామన్నా ఛాయిస్ పెద్దగా లేదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు రాగానే మారుతి డీజిల్‌కు గుడ్‌బై చెప్పేసింది. 2023లో హ్యుందాయ్ కూడా ఐ20లో డీజిల్ ఆపేయడంతో, కొత్త డీజిల్ హ్యాచ్‌బ్యాక్ అంటే టాటా అల్ట్రోజ్ ఒక్కటే అన్న పరిస్థితి వచ్చింది.

దాంతో అందరూ పాత బళ్ల మీదే పడ్డారు. అయితే కొనేవాళ్లు రంగు చూస్తారు, అలాయ్ వీల్స్ చూస్తారు, టచ్ స్క్రీన్ చూస్తారు. ఇంజిన్ ఏదని అడిగేవాళ్లు తక్కువ. నిజానికి ఒకే పేరుతో ఉన్న కారులో కూడా ఏడాదిని బట్టి ఇంజిన్ మారిపోతుంది. పోలోలో 1.2 ఉంది, 1.5 ఉంది. ఫిగోలో 1.4 ఉంది, 1.5 ఉంది. తర్వాత వచ్చే రిపేర్ బిల్లు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో చూడండి

లీటర్ పెట్రోల్ రూ.107, డీజిల్ రూ.96 అనుకుందాం. పెట్రోల్ కారు 15 కిలోమీటర్లు, డీజిల్ కారు 20 కిలోమీటర్లు ఇస్తే.. కిలోమీటర్‌కు మిగిలేది సుమారు రూ.2.30. నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఏడాదికి రూ.55 వేల దాకా మిగులుతుంది. నెలకు 500 కిలోమీటర్లే అయితే ఏడాదంతా కలిపినా రూ.14 వేలు దాటదు. పాత డీజిల్‌లో ఇంజెక్టర్లో, టర్బోనో ఒక్కసారి మొరాయిస్తే ఈ మిగులు మొత్తం గ్యారేజీకే పోతుంది. ఆఫీసుకు, కూరగాయలకు తప్ప బండి తీయనివాళ్లు పెట్రోల్ చూసుకోవడమే మేలు.

స్విఫ్ట్, రిట్జ్, విస్టా, పుంటో.. అన్నింటిలో ఒకే ఇంజిన్

ఫియట్ రూపొందించిన 1.3 మల్టీజెట్‌ను మన దేశంలో 'నేషనల్ ఇంజిన్' అని పిలిచారంటే ఊరికే కాదు. 1,248 సీసీ, నాలుగు సిలిండర్లు. మారుతి దీన్నే డీడీఐఎస్ అన్నది, టాటా ఇండికా విస్టాలో క్వాడ్రాజెట్ అన్నది. స్విఫ్ట్‌లో 75 హార్స్‌పవర్, 190 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. దీన్ని విప్పి బిగించడం తెలిసిన మెకానిక్ చిన్న టౌన్‌లోనూ దొరుకుతాడు, స్పేర్ పార్టులకూ ఇబ్బంది లేదు. సెకండ్ హ్యాండ్‌లో ఇంతకంటే పెద్ద ప్లస్ ఏముంటుంది?

మైనస్ కూడా ఉంది. 2,000 ఆర్‌పీఎం లోపు బండి బరువుగా కదులుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా లాగుతుంది. ట్రాఫిక్‌లో మాటిమాటికీ గేరు మార్చాల్సిందే. స్విఫ్ట్‌లు, ఎటియోస్ లివాలు ట్యాక్సీలుగానూ బాగా తిరిగాయి. ఎల్లో ప్లేట్ నుంచి వైట్ ప్లేట్‌కు మార్చిన బండి అయితే మీటర్‌లో కనిపించే 70 వేల కిలోమీటర్లను నమ్మకండి. మీటర్ వెనక్కి తిప్పడం చాలా తేలిక. కానీ స్టీరింగ్ అరుగుదల, క్లచ్ పెడల్ మీది రబ్బరు, డ్రైవర్ సీటు కుంగడం దాచడం కష్టం.

మూడు సిలిండర్ల డీజిల్.. సిటీకి ఓకే, హైవేకి ఆలోచించాలి

పాత పోలో 1.2 టీడీఐ (75 హార్స్‌పవర్), గ్రాండ్ ఐ10లో మొదట వచ్చిన 1.1 సీఆర్‌డీఐ, టియాగో 1.05 రెవోటార్క్ (70 హార్స్‌పవర్).. ఇవన్నీ మూడు సిలిండర్లవే. మైలేజీ బాగుంటుంది. శబ్దం, వైబ్రేషన్ మాత్రం ఎక్కువ. ఏసీ వేసి నలుగురు ఎక్కితే ఘాట్ రోడ్డులో ఆయాసపడతాయి. తిరుమల, శ్రీశైలం లాంటి రూట్లలో తరచూ వెళ్లే కుటుంబాలు టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే కాకుండా నిండుగా మనుషుల్ని ఎక్కించుకుని వెళ్తే అసలు సంగతి తెలుస్తుంది.

హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లకు పోలో 1.5 టీడీఐ, ఐ20లోని 1.4 సీఆర్‌డీఐ (రెండూ 90 హార్స్‌పవర్), 2015 తర్వాతి ఫిగో 1.5 (100 హార్స్‌పవర్) సరిపోతాయి. ఫిగో నడపడానికి సరదాగా ఉంటుంది, ధర కూడా తక్కువకే వస్తుంది. కారణం తెలిసిందే.. 2021లో ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్లు ప్రకటించింది. కాబట్టి దగ్గర్లో సర్వీస్ ఎక్కడుందో చూసుకున్నాకే ముందుకు వెళ్లాలి. ఫోక్స్‌వ్యాగన్ విషయంలో మరో మాట. ఉద్గారాల సాఫ్ట్‌వేర్ వివాదంతో 2015లో ఆ సంస్థ ఇక్కడ సుమారు 3.23 లక్షల డీజిల్ కార్ల రీకాల్ ప్రకటించింది. ఆ ఏడాదికి ముందు పోలో అయితే ఆ అప్‌డేట్ జరిగిందో లేదో సర్వీస్ సెంటర్‌లో అడగాలి.

టైమింగ్ బెల్టా? టైమింగ్ చైనా?

ఇది చాలామంది అడగని ప్రశ్న. మల్టీజెట్, హ్యుందాయ్ సీఆర్‌డీఐ ఇంజిన్లలో ఉండేది చైన్. పోలో టీడీఐ, ఫిగో డీజిల్, నిస్సాన్ మైక్రా 1.5లో ఉండేది రబ్బరు బెల్ట్. బెల్ట్‌ను కంపెనీ చెప్పిన కిలోమీటర్లకో, ఏళ్లకో.. ఏది ముందైతే దానికి మార్చాలి. బండి షెడ్డులో ఊరికే ఉన్నా రబ్బరు పాతబడుతుంది. 'పదేళ్లలో 45 వేలే తిరిగింది సార్' అని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు చూడండి, బెల్ట్ భయం అలాంటి బండికే ఎక్కువ.

రన్నింగ్‌లో బెల్ట్ తెగితే వాల్వ్‌లు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి. అక్కడితో హెడ్ విప్పాల్సిందే. అందుకే 'మార్చాం' అన్న మాట కాదు, బిల్లు అడగాలి. బిల్లు లేదంటే మార్చలేదనే అనుకుని బెల్ట్, టెన్షనర్, వాటర్ పంప్ ఖర్చును ధరలో తగ్గించమని బేరమాడాలి. అలాగని చైన్ ఉంటే నిశ్చింత అనీ కాదు. ఆయిల్ సమయానికి మార్చని బండిలో చైన్ సాగుతుంది. స్టార్ట్ చేయగానే ముందువైపు నుంచి గలగలమని శబ్దం వస్తే అనుమానించాలి.

బీఎస్-6 డీజిల్‌లో డీపీఎఫ్ గొడవ

2020 తర్వాతి అల్ట్రోజ్, ఐ20 1.5 లాంటి వాటిలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. దాన్నే డీపీఎఫ్ అంటారు. బండి కాసేపు ఒకే వేగంతో పరుగెడితేనే ఆ మసి కాలిపోతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే ఫిల్టర్ మూసుకుపోయి వార్నింగ్ లైట్ వెలుగుతుంది. మార్చాలంటే ఖర్చు తక్కువేం కాదు. పూర్తిగా సిటీ వాడకం ఉన్నవాళ్లకు ఈ బళ్లు అంతగా నప్పవు.

పొద్దున్నే వెళ్లి చూడండి

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉందంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. నల్ల పొగ ఆగకుండా వస్తే ఇంజెక్టర్లు లేదా టర్బో వైపు, నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పుమంటోందా? పిస్టన్ రింగులు అరిగాయేమో చెక్ చేయించాలి.

దిల్లీ బండి చౌక అంటే..

దిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై ఆంక్షల కారణంగా అక్కడి కార్లు తక్కువ ధరకు హైదరాబాద్ వంటి నగరాలకు వస్తుంటాయి. అలాంటి బండికి అక్కడి ఆర్టీవో ఎన్‌ఓసీ తప్పనిసరి. ఇక్కడ రీ-రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ కలిపితే చౌక కాస్తా మామూలు ధరకు వచ్చేస్తుంది. 15 ఏళ్లకు దగ్గరపడిన బండి అయితే ఫిట్‌నెస్, రిజిస్ట్రేషన్ రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్ కూడా లెక్కలో వేసుకోవాలి. ఎంపరివాహన్ యాప్‌లో ఎన్నో ఓనర్, ఫైనాన్స్ ఉందా లేదా చూసుకోవచ్చు. ఫైనాన్స్ క్లియర్ కాని బండికి బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వాలి. ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని ఊరుకోకుండా ఆర్సీ పేరు మారేదాకా వెంటపడాలి.