తప్పు చేతిదా, సూదిదా?

రోగికి వాడిన సూది తమ వేలికి గుచ్చుకోవడం నర్సులకు కొత్త కాదు. హెపటైటిస్-బి అలా సోకుతుందనీ వాళ్లకు తెలుసు. కానీ 1984లో, సూది గుచ్చుకోవడంతో ఒక నర్సుకు ఎయిడ్స్ వైరస్ సోకిందన్న వార్త బ్రిటన్ వైద్యపత్రిక లాన్సెట్‌లో వచ్చింది. అప్పటికి ఆ జబ్బుకు మందు లేదు. ఆస్పత్రులన్నీ ఉలిక్కిపడ్డాయి.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టొద్దని నర్సులకు పదేపదే చెప్పారు. సూదులు పడేయడానికి గట్టి డబ్బాలు పెట్టారు. అయినా గాయాలు ఆగలేదు. గుచ్చుకున్న ప్రతిసారీ నింద మాత్రం నర్సు మీదే పడేది: జాగ్రత్త చాలదని.

అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో జానీన్ జాగర్ అనే పరిశోధకురాలు ప్రశ్ననే మార్చారు. ఎవరికి గుచ్చుకుందన్నది కాదు, ఏ పరికరం గుచ్చుకుందన్నది చూద్దామన్నారు. ఆమె బృందం ఒకే ఆస్పత్రిలో పది నెలల పాటు 326 గాయాల వివరాలు ఓపికగా సేకరించింది.

1988లో ఫలితాలు వెలువడ్డాయి. మామూలు సిరంజీల కంటే, సెలైన్ గొట్టాలను కలిపే సూదులు వాడకంలో అయిదు రెట్లకు పైగా ఎక్కువగా గుచ్చుకుంటున్నాయి. అవి రోగి చర్మంలోకి దిగే సూదులు కావు, గొట్టాన్ని గొట్టానికి కలిపేవి మాత్రమే. ఆ పనికి అసలు సూదే అక్కర్లేదు! మూడో వంతు గాయాలు మూత పెట్టడం దగ్గర జరిగినవే. నర్సులు మూత పెట్టింది మొండితనంతో కాదు. మూతలేని సూదులు నాలుగైదు చేతపట్టుకుని డబ్బా దాకా నడవడం ఇంకా ప్రమాదమని పెట్టారు.

చిక్కుముడి వీడింది. మూత పడేటప్పుడు చేయి సూదికి వెనకే ఉండాలని, పారేశాక కూడా మూత ఊడకూడదని జాగర్ బృందం సూచించింది. పని అయ్యాక తొడుగులోకి దాగే సూదులు, సూదిలేని గొట్టాలు క్రమంగా వాడకంలోకి వచ్చాయి. చట్టం రావడానికి మాత్రం పన్నెండేళ్లు పట్టింది. 2000 నవంబరులో అమెరికా సురక్షిత పరికరాలను తప్పనిసరి చేసింది. వాటిని ఎంచుకునేటప్పుడు వాడే సిబ్బంది మాట వినాలనీ చెప్పింది.

ఆ 326 గాయాలను దాచి ఉంటే ఇదేదీ జరిగేది కాదు. అందుకే ఆస్పత్రిలో పనిచేసేవారికి ఒక మాట. సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బునీళ్లతో కడిగి, సంకోచించకుండా పైవారికి చెప్పండి. ఎయిడ్స్ వైరస్‌ను అడ్డుకునే మందులు ఇప్పుడు ఉన్నాయి. అవసరమైతే వాటిని గంటల్లోనే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటనివ్వకూడదు.