మామిడి తోట నుంచి ఆస్పత్రి గుమ్మం దాకా: అత్యవసర వైద్య శాఖ చరిత్ర

నూజివీడు అనగానే మనకు చిన్న రసాలు, బంగినపల్లి గుర్తుకొస్తాయి. ఈ భాగంలో మీరు అదే మామిడి ప్రాంతాన్ని ఆస్పత్రి వైపు నుంచి చూడబోతున్నారు. చెట్టు పూత మీద ఉన్నప్పుడు తేనెమంచు పురుగు పడుతుంది. దాన్ని అరికట్టడానికి పురుగుమందు కొడతారు. కాయ ఎదుగుతున్నకొద్దీ తోటలో కాపలా మొదలవుతుంది. కాపలాదారు చాలాసార్లు నేలమీదే పడుకుంటాడు. వేసవి కోతల్లో చిక్కం అందని కొమ్మకు మనిషే ఎక్కాలి. మామిడి పంటలో ఏ దశకు ఆ దశ ప్రమాదం ఉంది: మందు విషం, పాముకాటు, చెట్టుమీద నుంచి పడటం. ఇలా వచ్చిన మనిషిని ఆస్పత్రి గుమ్మంలో మొదట చూసే వైద్యుడు ఎవరు? డెబ్బై ఏళ్ల కిందట ప్రపంచంలో చాలా చోట్ల దీనికి ఒకటే జవాబు: ఆ పూట డ్యూటీ ఎవరికి పడితే వారు.

క్యాజువాల్టీ అనే గది పేరులోనే యుద్ధం ఉంది. సైన్యంలో చనిపోయినవారినీ గాయపడినవారినీ లెక్కించే మాట అది. 1790ల్లో ఫ్రెంచి సైనిక వైద్యుడు డొమినిక్ లారే గాయపడినవారిని యుద్ధం ముగిసేదాకా వదిలేయకుండా, తేలికపాటి గుర్రపు బండ్లలో వెంటనే తరలించే ఏర్పాటు చేశాడు. హోదాను బట్టి కాక, గాయం తీవ్రతను బట్టి ముందు ఎవరిని చూడాలో నిర్ణయించాడు. అయినా ఆస్పత్రిలో ఈ పనికంటూ ప్రత్యేక వైద్యులు రావడానికి మరో నూట అరవై ఏళ్లు పైగా పట్టింది. 1961లో అమెరికాలోని వర్జీనియాలో జేమ్స్ మిల్స్, ఆయన సహచరులు సొంత ప్రాక్టీసు మానేసి పూర్తికాలం అత్యవసర విభాగంలోనే పనిచేయడం ప్రారంభించారు. 1970లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో మొదటి శిక్షణ కార్యక్రమం వచ్చింది. 1979లో అక్కడ దీనికి ప్రత్యేక శాఖగా గుర్తింపు లభించింది.

మన దేశంలో కథ వైద్య కళాశాలలో కంటే న్యాయస్థానంలో స్పష్టంగా కనిపిస్తుంది. కారు ఢీకొన్న ఒక స్కూటరిస్టును దగ్గరి ఆస్పత్రికి తీసుకువెళ్తే, ఇది పోలీసు కేసు అంటూ 20 కిలోమీటర్ల దూరంలోని మరో ఆస్పత్రికి పంపారు. అతను దారిలోనే మరణించాడు. ఈ ఉదంతంపై పరమానంద్ కటారా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1989లో తీర్పిచ్చింది: ముందు ప్రాణం కాపాడాలి, చట్టపరమైన లాంఛనాలు ఆ తరువాత. 1992లో పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడిన ఒక వ్యవసాయ కూలీని ప్రభుత్వ ఆస్పత్రులు ఒకదాని తరువాత ఒకటి తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటు ఆస్పత్రిలో డబ్బు కట్టి చికిత్స చేయించుకోవలసి వచ్చింది. సకాలంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని 1996లో సుప్రీంకోర్టు చెప్పి, అతనికి 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. కొమ్మ విరిగి పడిన మామిడి కూలీకి ఈ తీర్పు ఎంత దగ్గరిదో వేరే చెప్పనక్కరలేదు. 2006లో మన తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాధరావు అధ్యక్షతన లా కమిషన్ తన 201వ నివేదికను అత్యవసర వైద్యంపైనే సమర్పించింది.

ఇప్పుడు తేదీల వరుసను గమనించండి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ మొదలైంది. దాన్ని నడిపిన సంస్థ వెనుక ఉన్న సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుడు 2009 జనవరిలో లెక్కల మోసం ఒప్పుకోవడంతో, సేవ నిర్వహణ జీవీకే చేతికి వెళ్లింది. అదే 2009లో భారత వైద్య మండలి అత్యవసర వైద్యాన్ని ప్రత్యేక శాఖగా గుర్తించింది. అంటే మనకు బండి ముందు వచ్చింది, ఆ బండి చేరే చోట ఉండవలసిన వైద్యుడు తరువాత వచ్చాడు. ఇది తలకిందుల వరుస అనిపించవచ్చు. నా దృష్టిలో అది మేలే చేసింది. ఫోను చేస్తే ఉచితంగా బండి వస్తుందని తెలిసిన పల్లెలు, ఆ తరువాత ఆస్పత్రి నుంచీ అంతే ఆశించడం నేర్చుకున్నాయి. అయితే లోటు కూడా అక్కడే ఉంది. 2020 జూలై 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విజయవాడలో ఒక్కరోజే 1,088 వాహనాలను 108, 104 సేవలకు ప్రారంభించగలిగింది. వైద్యులను అలా ఒక్కరోజులో తయారు చేయలేం. ఎంబీబీఎస్‌కు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర ఏళ్లు, ఆపై అత్యవసర వైద్యంలో ఎండీకి మూడేళ్లు పడతాయి.

ఇంతకాలం చదివి ఈ వైద్యుడు నేర్చుకునేది ఏమిటి? మందు కొడుతూ పడిపోయిన రైతును తీసుకుందాం. ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాల దగ్గర పనిచేసే ఒక ఎంజైమును స్తంభింపజేస్తాయి. నోట నురగ, చెమట, కంటిపాప సూదిమొనంత కావడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరినట్టు గరగర, ఇవి లక్షణాలు. తడిసిన బట్టలు తీసి ఒళ్లు కడిగిస్తూనే వైద్యుడు అట్రోపిన్ మొదలుపెడతాడు. కొన్ని నిమిషాలకోసారి ఛాతీ విని, గరగర తగ్గకపోతే మోతాదు రెట్టింపు చేస్తాడు. ఆగవలసింది ఊపిరితిత్తులు తేటపడ్డాకే. (పొలం గట్లమీది ఉమ్మెత్తలోనూ అట్రోపిన్ ఉంటుంది. అలాగని దాన్ని ఇంట్లో విరుగుడుగా వాడబోతే రెండో విషం తోడవుతుంది.)

కాపలాదారు కేసు ఇంకా చిక్కైనది. నిద్రలో కట్లపాము కరిస్తే నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారి కడుపునొప్పి అంటాడు, రెప్పలు వాలిపోతుంటాయి. ఆ వాలిన రెప్పలను చూసి పాముకాటును అనుమానించగలగడమే ఇక్కడ అసలు విద్య. శ్వాస కండరాలు చచ్చుబడే లోపు విరుగుడు ఇంజెక్షన్, అవసరమైతే వెంటిలేటరు సిద్ధం చేయాలి. రక్తపింజరి కాటైతే పరీక్ష విచిత్రంగా తేలిక. శుభ్రమైన గాజు గొట్టంలో కొద్దిగా రక్తం తీసి కదపకుండా 20 నిమిషాలు ఉంచుతారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. చెట్టుమీద నుంచి పడిన మనిషి విషయంలో మొదటి జాగ్రత్త తోటలోనే తీసుకోవాలి: చేతులు, కాళ్లు పట్టుకుని ఎత్తి ఆటోలో కుదేస్తే, విరిగిన వెన్నుపూస వెన్నుపామును కోసేయవచ్చు.

మీరే చేసి చూడండి: మీ ఊరి నుంచి రాత్రివేళ వెంటిలేటరు ఉన్న ఆస్పత్రికి చేరడానికి ఎంతసేపు పడుతుందో లెక్క వేయండి. నూజివీడు నుంచి విజయవాడకు దాదాపు 45 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో నూజివీడు ఏలూరు జిల్లాలో చేరింది. 2023లో ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు.

ఆ ఏలూరు పేరు ఈ శాఖ చరిత్రలో మరో కారణంగానూ గుర్తుంచుకోదగింది. 2020 డిసెంబరు 5 నుంచి కొద్దిరోజుల్లోనే పట్టణంలో వందల మంది మూర్ఛతో పడిపోయారు. కరోనా కాదు, కారణం తెలియదు. జిల్లా ఆస్పత్రి వైద్యులు ఫిట్స్ ఆపి, శ్వాస నిలిపి, పరిస్థితి విషమించినవారిని విజయవాడ, గుంటూరు పంపారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల పాత్రపైనా అనుమానాలు వచ్చాయి. అప్పటికే రోగుల్లో చాలామంది కోలుకుని ఇళ్లకు వెళ్లిపోయారు.