బిల్లీ కెర్సాండ్స్: నవ్వించినవాడి చరిత్ర

1873లో జోతిరావు ఫూలే తన 'గులాంగిరి'ని బానిసత్వ నిర్మూలనకు పాటుపడ్డ అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. ఆ రోజుల్లో అక్కడ, 1865లో చట్టరీత్యా విడుదలైన నల్లజాతివారిలో కొందరు పొట్టకూటికి రంగస్థలమెక్కుతున్నారు. ఆ రంగస్థలం వారి చేతుల్లో లేదు.

మిన్‌స్ట్రల్ షో అంటే తెల్లవారు కాల్చిన బిరడా మసి మొహాలకు పులుముకుని నల్లవారిని వెక్కిరించే ఆట. 1830లలో టి.డి.రైస్ అనే తెల్లనటుడు 'జిమ్ క్రో' వేషం కట్టి బాగా గడించాడు. తర్వాతి కాలంలో నల్లవారిని వేరుచేసే చట్టాలకు ఆ వేషం పేరే స్థిరపడింది. నల్లవారు స్వయంగా ఈ ఆటలోకి వచ్చేసరికి వేషం తయారై ఉంది. చాలామంది నల్లనటులు కూడా మసి పూసుకునే ఆడారు!

వీళ్లలో పెద్దపేరు కెర్సాండ్స్‌ది. సుమారు 1842లో పుట్టాడు. 1870లలో క్యాలెండర్ అనే తెల్లాయన నడిపిన జార్జియా మిన్‌స్ట్రల్స్‌లో ఆడాడు, తర్వాత సొంత కంపెనీ పెట్టాడు. భారీ మనిషే గానీ అడుగు మెత్తగా వేసేవాడు. జనానికి గుర్తుండిపోయింది మాత్రం అతని నోరు. బిలియర్డ్ బంతులు, కప్పూ సాసరూ నోట్లో ఇరికించుకుని నవ్వించేవాడు. నల్లవాడంటే నోరూ తిండీ తప్ప మరేం లేదనే తెల్లవారికి ఇంతకంటె సాక్ష్యం ఏం కావాలి?

ఇక్కడే ఆగితే అతన్ని తెల్లవారి తొత్తు అని తేల్చేయొచ్చు. కానీ దక్షిణాదిలో అతని ఆటకు నల్లజనం విరగబడి వచ్చేవారు. మామూలుగా వాళ్లకు పై గ్యాలరీయే గతి. కెర్సాండ్స్ వస్తే కొందరు థియేటర్ యజమానులు ఆ కట్టడి సడలించారు. టిక్కెట్టు డబ్బుల కోసమేలెండి.

వాళ్లెందుకు వచ్చారో అతను పాడిన 'ఓల్డ్ ఆంట్ జెమైమా' పాటలో కొంత తెలుస్తుంది. నేను పోయాక నీకు విడుదల అని యజమానురాలు బానిసకు మాటిస్తుంది. తీరా చూస్తే ఆమె జుట్టంతా ఊడిపోయేదాకా బతికే ఉంటుంది. బానిసలు తమలో తాము ఎప్పట్నుంచో పాడుకున్న సంగతే ఇది. తెల్లవారు బట్టతలకు నవ్వి ఉంటారు. నల్లవారికి ఆ మోసం సొంత ఇంట్లో జరిగింది.

1889లో క్రిస్ రట్ అనే తెల్లవ్యాపారి ఒక మిన్‌స్ట్రల్ ఆట చూసి, ఆ పాట పేరు తన పాన్‌కేక్ పిండికి పెట్టుకున్నాడు. మోసపోయిన బానిస మాయమైంది, తలగుడ్డ కట్టి నవ్వే వంటమనిషి పొట్లం మీదికొచ్చింది. 1893 చికాగో ఎగ్జిబిషన్లో ఆ వేషం వేసింది బానిసగా పుట్టిన నాన్సీ గ్రీన్. పొట్లాల మీంచి ఆ పేరు పోయింది 2021లో.

కెర్సాండ్స్ డెబ్భయ్యేళ్లు దాటినా ఆడుతూనే ఉన్నాడు. 1915లో న్యూమెక్సికోలో, ఆ రోజు ఆట ముగిశాక చనిపోయాడు.