బీభత్స భయానకములు – లక్షణకారుల విధులు, చదువరుల మతభేదములు

గోదావరి యుత్తరపుటొడ్డున లక్సెట్టిపేట యున్నది. పూర్వము ఆదిలాబాదు జిల్లాలో తాలూకా కేంద్రము. 2016 అక్టోబరు నుండి మంచిర్యాల జిల్లాలోనిది. రాయపట్నము వంతెన దాటి యావలి యొడ్డునకు పోయినచో ధర్మపురి. శేషప్పకవి నరసింహశతకమునకు పుట్టినిల్లు. అచటి దైవము హిరణ్యకశిపుని గడపపై తొడలమీద వేసికొని గోళ్లతో చీల్చి, ప్రేవులు మెడలో ధరించినవాడు. ఈ ప్రాంతపు పిల్లవాడు ఆ సంహారక్రమమును అక్షరాభ్యాసమునకు ముందే యెరుగును. ఆ రూపమును చూచి వాడు భయపడడు, చేతులు జోడించును. అదే యూరిలో, తెల్లవారునప్పటికి తన వాకిట కుంకుమ పూసిన నిమ్మకాయ కనబడినచో వయసువచ్చినవాడు సైతము దాటుటకు జంకును. ప్రేవులు భయపెట్టలేదు, నిమ్మకాయ భయపెట్టినది. ఈ భేదమును మన యలంకారశాస్త్రము ఎంతవరకు వివరింపగలదో, ఆ శాస్త్రమును చదివినవారు దానితో ఎట్లు వాదులాడిరో చూచుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

రక్తసిక్తములైన భయానక చలనచిత్రములను గూర్చి పాశ్చాత్యదేశములలో విమర్శాత్మకములైన మార్గదర్శక గ్రంథములు వెలువడినవి. ఏది చూడదగినది, ఏది కాదు, ఎంత రక్తము కళ, ఎంత మించిన రోత అని అవి తీర్పు చెప్పును; చదువరులు ఆ తీర్పులతో కలహింతురు. పేరు వేరైనను మన లక్షణగ్రంథములు చేసిన పనియు నిట్టిదే. భరతుడు నాట్యశాస్త్రము ఆరవ యధ్యాయమున భయానకమునకు విభావములు చెప్పుచు వికృతధ్వనులు, భూతదర్శనము, నక్కలు, గుడ్లగూబలు, శూన్యగృహము, అరణ్యము మున్నగువానిని పేర్కొన్నాడు. నేటి చిత్రనిర్మాతలు ఈ పట్టికకు క్రొత్తగా చేర్చినది మిక్కిలి స్వల్పము. బీభత్సమునందు రక్తము, ప్రేవులు మొదలగువానివలన పుట్టు క్షోభజమును, మలము, క్రిములు మొదలగువానివలన పుట్టు ఉద్వేగిని ఆయన వేరుపరచినాడు. పదవ శతాబ్దమున మాళవమందు ముంజరాజు కొలువులో నుండిన ధనంజయుడు దశరూపకమున ఈ విభాగమునే గైకొని, వైరాగ్యముచే దేహముపై కలుగు ఏవగింపును శుద్ధమను పేర మూడవదిగా నిలిపినాడు. రక్తమును చూచి కలుగు కలవరమును, కుళ్లును చూచి కలుగు రోతయు ఒకటి కావను వివేకము మన వారికి పాతది.

లక్షణకారులు వర్గీకరణముతో ఆగలేదు, నిషేధించిరి కూడ. వధ, యుద్ధము, రాజ్యభ్రంశము, నగరపు ముట్టడి – వీనిని అంకమున ప్రత్యక్షముగ చూపరాదు, ప్రవేశకాదులలో సూచింపవలెను. అధికారియైన నాయకుని వధ సూచనగా కూడ పనికిరాదని ధనంజయుని మతము.

ఈ విధులు తెలుగుదేశమున నిలద్రొక్కుకొనుటకు ఓరుగల్లు ముఖ్యస్థానమైనది. ప్రతాపరుద్రుని (1289–1323) ఆశ్రయమున విద్యానాథుడు వ్రాసిన ప్రతాపరుద్రయశోభూషణము తొమ్మిది ప్రకరణముల గ్రంథము. ఉదాహరణములు రాజును గూర్చినవే. నాటకలక్షణమునకు లక్ష్యముగా ప్రతాపరుద్రకల్యాణమను రూపకమునే గ్రంథమధ్యమున పొదిగినాడు. పాఠము చెప్పుటకు ఇంత యనుకూలమైన గ్రంథము మరియొకటి లేదని అధ్యాపకులెరుగుదురు. కాని రాజస్తుతియే ఉదాహరణమైనచోట భయమెప్పుడును శత్రువులదే కావలెను; రక్తమునకు రణభూమి తప్ప వేరు తావుండదు. ఇంటిలోని భయమునకు, ఇరుగుపొరుగువారి భయమునకు ఇట్టి గ్రంథమున ప్రవేశము లేదు. ఈ కొరతను ముందు మరల తలచుకొనవలసి వచ్చును. మల్లినాథసూరి కుమారుడైన కుమారస్వామి దీనికి రత్నాపణమను వ్యాఖ్య వ్రాసినాడు. పత్రికలు లేని యానాడు చదువరి యభిప్రాయము వ్యాఖ్యగానో, మరియొక లక్షణగ్రంథముగానో, లక్షణమును తప్పించుకొనిన కావ్యముగానో వెలువడవలసినదే.

తప్పించుకొనుట యెట్లో భట్టనారాయణుడు చూపినాడు. వేణీసంహారము మూడవ యంకమునకు ముందు వసాగంధ యను రాక్షసియు, రుధిరప్రియుడను రాక్షసుడును రంగముపైకి వచ్చి, యుద్ధభూమిలో దొరకిన రక్తమాంసములను గూర్చి కాపురపు ముచ్చటలవలె చెప్పుకొందురు. వధ చూపలేదు కనుక విధికి భంగము లేదు. చూపినచో కలిగెడి రోతకంటె ఇది హెచ్చు. భవభూతి మాలతీమాధవము ఐదవ యంకమున శ్మశానము, మాంసము తిను పిశాచములు, చాముండకు మాలతిని బలియీయ సిద్ధపడిన అఘోరఘంటుడను కాపాలికుడు – అన్నియు గలవు. విచిత్రమేమనగా, నిషేధము వ్రాసిన వర్గమువారే బీభత్సమునకు ఉదాహరణము కావలసినపుడు ఆ యంకమునకే పరుగెత్తిరి. మమ్మటుడు ఉదాహరించినది అందలి శ్లోకమునే.

అసలు వివాదము వేరుచోట నున్నది. రోతను, భయమును చూచుటకు జనులేల పోవుదురు? పదునాల్గవ శతాబ్దపు విశ్వనాథుడు సాహిత్యదర్పణమున కరుణాదులును సుఖమునే యిచ్చునని, దుఃఖమే యైనచో ఎవ్వరును వానికి ఉన్ముఖులు కారని వాదించినాడు. ఈ వాదము తరగతిలో సులభముగ చెల్లును. కాని అంతకు ముందే, పండ్రెండవ శతాబ్దమున, హేమచంద్రుని శిష్యులైన రామచంద్ర గుణచంద్రులు నాట్యదర్పణమున రసములన్నియు సుఖాత్మకములు కావని తెగవేసి చెప్పిరి. కరుణ రౌద్ర బీభత్స భయానకములు దుఃఖాత్మకములే. ప్రేక్షకుడు మెచ్చునది కవియొక్కయు నటునియొక్కయు శక్తిని. తల నరుకు శత్రువు చేతివాటమును చూచి శౌర్యాభిమానులు అచ్చెరువందుటను వారు దృష్టాంతముగ నిచ్చిరి. పానకమున ఘాటు తగిలినపుడు తీపి ఇనుమడించుటను గూడ పేర్కొనిరి. విశ్వనాథుని మతమే మన పాఠశాలలలో గెలిచినను, అనుభవమునకు దగ్గరయైనది నాట్యదర్పణకారుల మతమని మా నమ్మకము. నేటి చిత్రప్రియుడు తెరపై మెడ తెగినపుడు కనులు మూసికొని, మరుక్షణమున ఆ కృత్రిమరక్తము కలిపినవాని పనితనమును పొగడుట వారు చెప్పిన స్థితియే.

తెలుగు కవులు ఈ నిషేధమును లెక్కచేసినట్లు కానరాదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కన్నప్ప కన్ను పెరికికొనును. కొడుకును వండి జంగమునకు వడ్డించిన సిరియాలుని కథను శ్రీనాథుడు హరవిలాసమున మరల చెప్పినాడు. ఇక గోదావరికి ఇరుప్రక్కల పల్లెలలో లక్షణగ్రంథముల పేరే వినబడలేదు. చిందువారు ఎల్లమ్మ కథ నాడినపుడు పరశురాముడు తల్లి తల తెగవేయవలసినదే. ప్రహ్లాదకథలో నరసింహుడు కంబము చీల్చుకొని రావలసినదే. గ్రామదేవతల కొలుపులలో గావుపట్టుట కలదు. మేకపిల్ల గొంతును పండ్లతో కొరుకుట అభినయము కాదు, నిజము. రంగముపై వధ కూడదని భరతుడు పలికిన నేలలోనే, నాటకమునకు, కొలుపునకు నడుమ ఈ రక్తరేఖ చెరిగిపోయినది. తెలుగు మాటల చిత్రము మొదటి యడుగు వేసినది గూడ ఈ కథతోనే: 1932లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున వచ్చిన భక్తప్రహ్లాద. తరువాత జగన్మోహిని (1978) మొదలగువానితో విఠలాచార్య దయ్యములను ఇంటింటి వినోదముగా మార్చినాడు. ఆ దయ్యములను చూచి నవ్వినవారే యెక్కువ.

ఇంతవరకు కలహమంతయు శాస్త్రజ్ఞులలోనిది. చదువరులు సామాన్యజనులై, కలహము వీథికెక్కినది 1980 దశకపు తొలినాళ్లలో. యండమూరి వీరేంద్రనాథ్ రచించిన తులసిదళము ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చి, తులసి యను చిన్నపిల్లపై క్షుద్రప్రయోగమును వస్తువుగా గొని, తెలుగుదేశమంతట చదువబడినది. తరువాతిభాగము తులసి యను పేర వెలువడినది. కాష్మోరా యను మాట ఇంటింట మారుమ్రోగినది. 1986లో ఆ పేరనే చలనచిత్రము వచ్చినది. విమర్శకులు ఇట్టి రచనలకు క్షుద్రసాహిత్యమని పేరుపెట్టిరి. వీరిలో రంగనాయకమ్మ కలము మిక్కిలి పదునైనది. తులసిదళం కాదు గంజాయిదమ్ము అను ఆమె విమర్శగ్రంథము పేరులోనే తీర్పున్నది. మంత్రప్రయోగములు నిజమను భ్రమను ఇట్టి నవల పెంచుచున్నదని, శాస్త్రవిజ్ఞానము ప్రక్కన నిలిపి ఆ భ్రమకు గౌరవము కట్టబెట్టుచున్నదని ఆమె యాక్షేపణ. భయానక రచనను పట్టుకొని, ఒక పూర్తి గ్రంథమున, చదువదగునా తగదా యని విచారించిన పని మన భాషలో అరుదు. మన నేలపై రక్తభయానకములకు మార్గదర్శకగ్రంథమని దేనినైన చెప్పవలసివచ్చినచో మేము దీనినే చూపుదుము. మార్గము చూపుటకంటె మార్గమును మూయుట దీని యుద్దేశమైనను.

ఈ గ్రంథముపై చదువరులు రెండుగా చీలిరి. కథను కథగా చదువుకొనరాదా, పులికథ చదివినవాడు పులి యగునా యని ఒక పక్షము. చదివించు నేర్పునే నేరముగ నెంచుట తగదని వీరి వాదము. ఇది నాట్యదర్పణకారుల మాటయే. రెండవ పక్షమువారు రచయిత నేర్పరి యగుటవలననే అపాయము హెచ్చని తలచిరి. ఇరువురును చదువరి యను వ్యక్తి ఒక్కడే యైనట్లు మాటలాడిరి. ఇచటనే మేము ఇరువురితోను విభేదింతుము.

అభినవగుప్తుడు భయానకరసమునకు శాకుంతలము మొదటి యంకములోని పరుగెత్తు లేడిని ఉదాహరించుట విద్యార్థులెరిగినదే. ఆ భయము నాది కాదు, పరునిది కాదు. దేశకాలములచే హద్దులు లేనిదై సహృదయుని యెదుట నిలుచును. అట్లు నిలువనీయని విఘ్నములేడు. మొదటిది వస్తువు సంభవమని తోచకపోవుట. నమ్మలేనివానికి రసమే పుట్టదు. రెండవది, ఇది నాది, నా యూరిది, నేటిది అని వ్యక్తిగతమైన యావేశమున మునిగిపోవుట. తులసిదళము చదువరులను ఈ రెండు విఘ్నములతో కొలిచి చూడవలెను. హేతువాది మొదటిదానియందు చిక్కును. అతనికి నవల అబద్ధము. పట్టణపు చదువరి రెంటికి నడుమ సుఖముగ నడచును. రాత్రి భయపడి, ఉదయమున కాఫీతో మరచును. చేతబడి, బాణామతి యను మాటలు నిత్యవ్యవహారమున నున్న పల్లెలో చదివినవాడు రెండవ విఘ్నమున పడును. అతనికి కలిగినది భయానకరసము కాదు, భయము. లక్సెట్టిపేట వాకిటి నిమ్మకాయ చేయు పని యిదియే.

ఈ రెండవ విఘ్నమును తొలగించుటకే పూర్వరంగము, ప్రస్తావన, వేషము మున్నగునవి యున్నవని అభినవగుప్తుడు చెప్పినాడు. చిందువారి యాట చూచినవారికి దీని యర్థము తెలియును. గణపతి స్తుతి, ముఖమునకు అర్దళము, భుజకీర్తులు, మద్దెల, తాళములు – ఇవన్నియు ముగిసిన పిమ్మట గాని నరసింహుడు రాడు. వచ్చినవాడు ఎవరింటి బిడ్డయో చూచువారెరుగుదురు. వారపత్రిక పుటకు పూర్వరంగమెక్కడిది? కథ జరుగునది నేడు, మనవంటి వారి ఇంటిలో. ప్రహ్లాదుని ఆట మంగళహారతితో ముగియును. పత్రికలోని భాగము 'సశేషము' అను మాటతో ఆగును.

ఇది కేవలము రసచర్చ కాకపోవుటకు కారణము ఈ ప్రాంతపు చరిత్రయందున్నది. మంత్రములు చేయుచున్నారను అనుమానముపై ఉత్తర తెలంగాణ పల్లెలలో ముసలివారిని కట్టివేసి కొట్టుట, మంత్రశక్తి పోవునని పండ్లు పెరుకుట, ప్రాణములు తీయుట జరిగినవి. ధర్మపురికి చేరువనున్న జగిత్యాలలో 2022 జనవరిలో ఇట్టి యనుమానముతోనే ఒక తండ్రిని, అతని ఇద్దరు కొడుకులను పట్టపగలు, కులస్థులు కూడియున్నచోట పొడిచి చంపిరి. ఈ నమ్మకము నవలకంటె ఎంతయో పాతది. చంపినవారి చేతిలో పుస్తకముండనక్కరలేదు. కనుక రంగనాయకమ్మ మోపిన నేరము ఇట్టి ఘటనలవలన రుజువు కాదు. కాని కథను కథగా చదువుమని చెప్పిన పక్షమువారు, కథకు ఇంటికి నడుమ గోడ అందరికి ఒకే యెత్తున నుండదని గుర్తింపలేదు.

భరతుడు భయానకమును వ్యాజము, అపరాధము, విత్రాసితము అని మూడు విధములుగా విభజించినాడు; నటించిన భయము, తప్పుచేసినవాని భయము, బెదరగొట్టబడినవాని భయము. విద్యానాథుని వంటి ఆస్థానలాక్షణికులకు శత్రురాజుల భయము చాలినది. తులసిదళముపై వాదించిన వారును, వాకిట నిమ్మకాయ చూచి జంకినవాని భయమునే తూచిరి గాని, దానిని వేసినదని ఊరు వ్రేలు చూపిన ముసలిదాని భయమును తలపెట్టలేదు. ఆమె భయము వ్యాజము కాదు, అపరాధమును కాదు. మాలతీమాధవమున బలిపీఠముపైనున్న మాలతి మొర మాధవునకు వినబడును. భవభూతి ఆ యంకమున ఆమెకు మాటలాడ నవకాశమిచ్చినాడు.