టెన్నిస్ ఎల్బో

రాకెట్ ఎన్నడూ పట్టని మనిషికి డాక్టరు ‘టెన్నిస్ ఎల్బో’ అని చీటీ మీద రాస్తే నవ్వొస్తుంది. 1873లో జర్మన్ వైద్యుడు రుంగె ఈ నొప్పి గురించి రాసినప్పుడు అది కలం పట్టేవాళ్ల బాధ. లాన్ టెన్నిస్ ఇంగ్లండులో వేలంవెర్రిగా మారాక, 1880ల తొలి ఏళ్లలో, అక్కడి వైద్య పత్రికలు ఆ ఆట పేరు దీనికి తగిలించాయి. డబ్బున్నవాళ్ల ఆట కదా, పేరు నిలిచిపోయింది! మన ఇళ్లలో ఈ మాట బాగా వినబడింది మాత్రం 2004లో, సచిన్ టెండూల్కర్ మోచేతి పుణ్యాన. ఆయన ఆడిందేమో క్రికెట్.

అసలు సంగతి మోచేతి వెలుపలి బొడిపె దగ్గర ఉంది. మణికట్టును వెనక్కి ఎత్తే కండరాల స్నాయువు అక్కడే అతుక్కుంటుంది. బట్టలు పిండినా, స్క్రూడ్రైవర్ తిప్పినా, చపాతీలు ఒత్తినా భారం దానిదే. అరచేయి కిందికి పెట్టి బరువెత్తితే కలుక్కుమంటుంది. అరచేయి పైకి తిప్పి ఎత్తితే అంత ఉండదు.

పుస్తకాల్లో దీనికి ‘ఎపికాండిలైటిస్’ అని మరో పేరుంది. అదీ సరిగ్గా అతకదు. ‘ఐటిస్’ అంటే వాపు. ముదిరిన కేసుల్లో స్నాయువును మైక్రోస్కోపులో చూస్తే వాపు కణాలు దాదాపు కనిపించవు. ఉండేది అరిగి చెదిరిన పోగులే. ఈ తప్పు పేరు చికిత్సనూ కొంత దారి తప్పించిందనిపిస్తుంది. వాపు తగ్గించే స్టెరాయిడ్ సూది కొన్ని వారాలు హాయినిస్తుంది, కానీ ఏడాది తిరిగేసరికి వేయించుకోనివాళ్లే మెరుగ్గా ఉంటారు. పని తీరు మార్చుకుని, మణికట్టు వ్యాయామాలు మెల్లగా పెంచుకుంటూ పోతే చాలామందికి ఏడాదికి అటూ ఇటుగా తగ్గిపోతుంది. ఆపరేషన్ దాకా వెళ్లేవాళ్లు కొద్దిమందే.