పెరటి చెట్లు, బేగంపేట విమానములు



నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము వినుటకు మిక్కిలి స్వల్పముగా దోచవచ్చును. ఇది రాజుల చరిత్ర గాదు, యుద్ధముల చరిత్రయు గాదు. హైదరాబాదు నగరమున అమీరుపేట, పంజాగుట్ట ప్రాంతములందలి గృహస్థులు తమ పెరటిలోని పూవులను, పిట్టలను, తలమీదుగా బోవు విమానములను వేడుకకై పటములు దీసికొనుచు వచ్చిరి. ఆ వేడుకను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. నేను బడిలో తెలుగు పండితుడనై చిరకాలము పనిచేసి విశ్రాంతి గొన్నవాడను, యంత్రవిద్య యెరుగను. అయినను ఆ పిచ్చి నాకును గొంత గలదు గనుక ఈ చరిత్రకు నేనొక చిన్న సాక్షిని.

పండితునకు ముందు శబ్దవిచారము లేక తోచదు. ఫోటోగ్రాఫును ఛాయాచిత్రమని మొదట పిలిచినవాడెవ్వడో గాని, దొడ్డ విద్వాంసుడై యుండవలెను. అమరసింహుడు ఛాయాశబ్దమునకు నాలుగర్థములు చెప్పినాడు: సూర్యుని భార్య, కాంతి, ప్రతిబింబము, ఎండలేని తావు. కెమేరాపెట్టెలో ఈ నాలుగును గలవు. సూర్యుడు లేక పని జరుగదు, కాంతి లోనికి రావలెను, ప్రతిబింబము పడవలెను, అది పడు తావు చీకటియై యుండవలెను. కోశకారుడు కెమేరాను ఎరుగడు, ఆయన నిఘంటువు మాత్రము దానిని ఎరుగును!

మన నగరమున ఈ కళ పేరు చెప్పగానే స్ఫురించువాడు లాలా దీనదయాళు. 1844లో మీరటు దగ్గరి సర్ధానాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరు విద్య నేర్చి, ఇండోరులో ప్రభుత్వోద్యోగము చేయుచు 1874 ప్రాంతమున కేవలము వేడుకకై కెమేరా పట్టెను. ఆ వేడుకయే ఆయనను ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థానమునకు దెచ్చినది. 'రాజా ముసవ్విర్ జంగ్' అను బిరుదమును దెచ్చినది. సికింద్రాబాదులో ఆయన స్టూడియో వెలసెను. 1892లో ఘోషాస్త్రీల కొరకు ప్రత్యేకముగా మరియొక స్టూడియో హైదరాబాదులో నేర్పడెను. అందు పటములు దీయు పని ఒక ఆంగ్లేయ వనితకే యొప్పగింపబడెను. ఆయన 1905లో గతించెను. ఆయన గాజుపలకలు 2,857 ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు 1989లో కొని ఢిల్లీలో భద్రపరచిరి.

నేనా చిత్రములను పుస్తకములందు జూచితిని. దర్బారులు, వేటలు, మేడలు, ఏనుగులు, పటాలములు - ఎంత చూచినను తనివి తీరదు. కాని నేను చూచినంతలో ఒక సామాన్యగృహపు పెరడు, అందొక బీరపాదు, ఒక గోరింటపొద, అంట్లు దోముకొను చప్టా - ఇట్టివి కానరావు. తప్పు ఆయనది గాదు. ఏలినవారు కోరినది తీయుట ఆయన వృత్తి. అదిగాక, బరువైన గాజుపలకలతో చేయు పని అది. పూర్వము పలకకు మందు పూసి తడి ఆరకమున్నే పటము దీసి కడుగవలసి యుండెడిది. 1871లో మాడక్సు అను ఆంగ్లేయ వైద్యుడు పొడిపలకను కల్పించిన పిమ్మట గాని ఆ బాధ తీరలేదు. 1888లో అమెరికాలో ఈస్టుమన్ తన కొడాక్ పెట్టెలో నూరు పటములకు జాలు ఫిలిము చుట్ట నమర్చి అమ్మెను. 1900లో బ్రౌనీ అను పెట్టెను ఒక్క డాలరు వెలకే యిచ్చెను. ఆ పెట్టె కుటుంబీకుని చేతికి వచ్చిన నాడే పెరటికి చరిత్ర మొదలైనది.

విమానమునకును ఈ వేడుకగాండ్రకును పుట్టుకతోడి చుట్టరికము గలదు. 1903 డిసెంబరు 17న రైటు సోదరుల విమానము నేల విడిచిన క్షణమున పటము దీసినవాడు జాన్ డానియల్సు అను తీరరక్షక సిబ్బందివాడు. అతడదివరకు కెమేరా ముట్టి యెరుగడు. ఆర్విల్ రైటు కెమేరాను నిలిపి, ఈ రబ్బరుగుండు నొక్కుమని చెప్పి విమానమెక్కెను, ఆతడు నొక్కెను, లోకమునకు ఆ పటము దక్కెను. ఫ్రాన్సులో లార్తీగ్ అను బాలుడు తన యన్న చేసిన గాలిబండ్లను, తరువాత విమానములను, ఇంటివారి ఆటపాటలను చిన్ననాటినుండియు పటములు దీసి ఆల్బములలో నతికించుకొనెను. 1963లో న్యూయార్కు మ్యూజియమువారు వానిని ప్రదర్శించునాటికి ఆయనకు దాదాపు డెబ్బదియేండ్లు. అంతవరకు అవి ఇంటి వేడుకలే!

ఇక మన బేగంపేట. విమానాశ్రయ భవనము 1937లో నిజాము ప్రభుత్వకాలమున వెలసినది. 1945లో దక్కను ఎయిర్‌వేసు ఏర్పడి డకోటా విమానములను నడపెను. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్సులో గలిసిపోయెను. 1972లో దక్షిణపు ప్రక్కన క్రొత్త భవనము వచ్చెను. విమానములు దిగు బాట తూర్పుపడమరలుగా నున్నది. అమీరుపేట దానికి దక్షిణమున నున్నది. కనుక మా డాబామీద నిలిచి ఉత్తరముగా జూచిన, మండువేసవి దినములు తప్ప, సూర్యుడు మన వెనుకనుండును. విమానముపై వెలుగు నిండుగా బడును. ఇది మేము వెదకి సంపాదించిన సౌకర్యము గాదు. విమానాశ్రయమునకు ఉత్తరమున నున్నవారికి అదే విమానము నల్లని నీడవలె గనబడెడిది. వారి పటములకంటె మావి బాగుండుటలో మా ప్రజ్ఞ యేమియు లేదని ఇప్పటికైనను ఒప్పుకొందును.

విమానాశ్రయములలోపల పటములు దీయరాదని 1937నాటి విమాన నిబంధనలలో నున్నది. ఈ భయమునకు కారణము లేకపోలేదు. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియావాడు 1939లో విమానమున కెమేరా లమర్చి శత్రుదేశమును పైనుండి పటములు దీయుటలో అగ్రగణ్యుడు. ఆతడే 1948లో కరాచీనుండి రాత్రులందు హైదరాబాదు సంస్థానమునకు ఆయుధములు చేరవేసెను. కెమేరా, విమానము, మన హైదరాబాదు - మూడును ఒక్క మనుష్యునిలో నిట్లు కూడుట విచిత్రము. మా డాబాలమీది కెమేరాలకు మాత్రము ఎవ్వరును భయపడలేదు.

1974లో మా మేనమామగారు నాకు ఆగ్ఫా క్లిక్ త్రీ అను కెమేరా నిచ్చిరి. చుట్టకు పండ్రెండు పటములు. పండ్రెండింటిని రెండునెలలు పొదుపుగా వాడుకొనెడివాడను. దాని తెర నిదానముగా తెరచి మూసుకొనునది. ఎగురు విమానమునకు గురిపెట్టిన తోకచుక్క వంటి గీత పడెడిది. రెండు చుట్టలు పాడైన పిమ్మట ఉపాయము తెలిసినది: విమానముతోపాటు దేహమును నడుమువద్ద త్రిప్పుచు నొక్కవలెను, లేదా అది మనకెదురుగా వచ్చునప్పుడు నొక్కవలెను. పూవు సంగతి వేరు. ఆ కెమేరా దగ్గరి వస్తువును పట్టజాలదు. మా తాతగారి చదువు కళ్ళజోడును కటకము ముందు పట్టితిని. మూరెడు దూరమున నున్న మందారము కేసరములతో సహా స్పష్టముగా పడెను. తాతగారు ఆ పూట పురాణము చదువజాలక నన్ను తిట్టిన తిట్లు ఇంకను జ్ఞాపకమే.

ఆ దినములలో శిక్షణ పొందువారి చిన్నవిమానము లెగిరెడివి. అందొకదాని పేరు పుష్పక్. హిందూస్థాన్ ఏరోనాటిక్సువారు నిర్మించిన ఆ రెండు పీటల విమానము 1958లో మొదట ఎగిరినది. రామాయణపు పుష్పకమున ఎందరెక్కినను మరియొకరికి చోటుండునని చదువుకొన్న నాకు, ఇద్దరెక్కిన నిండిపోవు పుష్పకము చూడ నవ్వు వచ్చెడిది. కాని పటమునకు అదియే అనువైనది. మెల్లగా బోవును, తిరిగి వచ్చును. అవ్రోలు, బోయింగులు అట్లు గాదు, ఒక్క పరుగే.

పిట్టల విషయమున మనకొక పెద్ద గ్రంథస్థసాక్ష్యము గలదు. సాలిం అలీ 1931-32లో హైదరాబాదు సంస్థానమంతయు దిరిగి పక్షులను పరిశోధించెను. ఆనాటి పద్ధతిని పక్షిని కొట్టి, చర్మమును నింపి దాచుట శాస్త్రమునకు ఆవశ్యకము. నేడు బడిపిల్లవాడు కెమేరాతో అంతకంటె అహింసగా ఆ పని చేయుచున్నాడు. దసరానాడు పాలపిట్టను జూచుట మనవారి ఆచారము. నగరమున అది దొరకక కొందరు పంజరమున బెట్టి తెచ్చి చూపి డబ్బులడుగుట కలదు. నా పటములలో పాలపిట్ట యొక్కటే, 1981 నాటిది, తీగమీద కూర్చున్నది, రెక్క విప్పలేదు. రెక్క విప్పని పాలపిట్ట నలుపుతెలుపు పటములో గోరింకకంటె అన్యాయముగా నుండును!

పంజాగుట్టలో నాకొక స్నేహితుడుండెను, బడిలో చిత్రలేఖనోపాధ్యాయుడు. గుట్టరాళ్ళ నడుమ మన్ను పోయించి గులాబీలు పెంచెను. ఆయన ప్రతి పటము వెనుకను పెన్సిలుతో తేదీ, మొక్క పేరు, వేసిన ఎరువు, విమానమైనచో అది యెటుపోయినది వ్రాసెడివాడు. నేను నవ్వితిని. నా పటముల వెనుక తెలుపే. పైగా ఒక స్టూడియోలో కడుగనిచ్చిన చుట్ట యొకటి మరి తిరిగి రాలేదు. అందు మా అమ్మ బతుకమ్మ పేర్చుచున్న పటము లుండెను. రసీదు మాత్రము నేటికిని నావద్ద నున్నది.

1990 తరువాత అమీరుపేట రూపు మారినది. కంప్యూటరు పాఠములు చెప్పు బళ్ళు వచ్చెను, పెరళ్ళు పోయెను. 1996లో మా పెంకుటిల్లును పడగొట్టి అపార్టుమెంటు కట్టిరి. మాకు రెండవ అంతస్తున భాగము వచ్చెను. గిలకబావిని రాళ్ళు రప్పలతో బూడ్చిరి. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయెను. ముందునాటి రాత్రి నేను డాబామీద నుంటిని. తీసిన పటమున రెండు దీపములు తప్ప ఏమియు లేవు. ఇప్పుడు బేగంపేటలో వాయుసేనవారివి, ప్రముఖులవి, కొన్ని ఇతర విమానములు మాత్రమే దిగును. ప్రదర్శనలు జరిగినప్పుడు పిల్లలు మరల డాబాలెక్కుదురు. 2017లో అమీరుపేటకు, 2018లో పంజాగుట్టకు మెట్రోరైలు వచ్చినది.

ఇక నేను చెప్పదలచిన ముఖ్యవిషయము. 2024 వేసవిలో మా అపార్టుమెంటు బోరుబావి ఎండిపోయెను. టాంకరు కొరకు ఇరువది నాలుగు కుటుంబములవారు పగలురేయి కాచుకొనిరి. ఇంకుడుగుంత త్రవ్వవలెనని నిశ్చయించిరి. పాతబావి తావు తెలిసిన అందే త్రవ్విన నీరు తిన్నగా లోనికి బోవునని పనివాడు చెప్పెను. అందరును నావంక జూచిరి. పుట్టినది మొదలు ఆ బావి నీరు త్రాగినవాడను, చూపజాలనైతిని! ఇల్లు లేదు, గోడ లేదు, కార్లు నిలుపు నేలంతయు ఒక్క సిమెంటు.

ఆ రాత్రి ఆల్బములు ముందు వేసికొని కూర్చుంటిని. ఆరు వందల పటములు. పూవులు, పిట్టలు, విమానములు. బావి పటము ఒక్కటియు లేదు. బావిని పటము దీయవచ్చునని నాకెన్నడును తోచలేదు. ఎప్పుడు నుండునది గదా యనుకొంటిని. తెల్లవారుజామున ఒక అవ్రో పటమున ఎడమవైపు అడుగున రెండు రాతిస్తంభములు, వానిమీద గిలక కనబడెను. వాని వెనుక పొరుగువారి వేపచెట్టు మొదలు. మరియొక పటమున మందారమును గ్రుచ్చు తేనెపిట్ట. వెనుక మసకగా బావి గట్టు, దాని కావల పొరుగువారి గోడమూల. వేపచెట్టును, గోడమూలయు నేటికిని నున్నవి.

పటముల వెనుక తేదీ లేదు. లిపిని జూచి శాసనకాలమును నిర్ణయించునట్లు నేను చెట్లను జూచి నిర్ణయింపవలసి వచ్చెను. 1975లో నాటిన జామ ఒక పటమున నా నడుమంత, మరియొకదానిలో గోడదాటి యున్నది. రెండింటి నడుమ మూడు నాలుగేండ్లు గడచినవి గాని బావి కదలదు గదా. మొదటిదానిని మేడమెట్లపైనుండి, రెండవదానిని వంటింటి గడపనుండి తీసినట్లు జ్ఞాపకము. ఇంటి పాత నకలులో రెండు తావులును దొరకినవి. ఒక తావునుండి వేపచెట్టునకు, మరియొక తావునుండి గోడమూలకు రెండు దారములు గట్టి లాగితిమి. రెండును కలిసినచోట రెండవ అంతస్తువారి కారు నిలిచియుండెను.

ఆయన కారు తీయుటకు నాలుగు దినములు పట్టినది. ఆ తావున సిమెంటు పగులగొట్టి రెండు గజములు త్రవ్వగా పార రాతికి దగిలెను. మన్ను తుడిచిచూడగా వంపుగా చెక్కిన వరుస, మా బావి కట్టుడే, ఒక గజము ప్రక్కకు జరిగి కనబడెను. పిల్లలందరు గుమిగూడిరి. వారిలో నొకడు తన చేతిఫోనుతో పటము దీసి నాకు పంపెను. మరునాడు దానిని కాగితముమీద అచ్చు వేయించి, వెనుక పెన్సిలుతో తేదీ, వార, వేపచెట్టునుండి కొలత వ్రాసి, అవ్రో పటము ప్రక్కన నతికించితిని.