అమానత్‌కు మూడు కావళ్ళు

ఒకరి సొమ్ము నమ్మకంగా మరొకరి దగ్గర దాచితే దాన్ని మనం అమానత్ అంటాము. అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు కాగితం మీద రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని ఖురాన్‌లోని బఖరా సూరా 282వ వాక్యం ఆదేశిస్తుంది. నమ్మకం ఉన్నచోట రాత ఎందుకు అనేవారు మనలో ఇప్పటికీ ఉన్నారు. నమ్మకం నిలవడానికే రాత కావాలని చరిత్ర చెబుతున్నది.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలుమార్గం పడినాక వికారాబాద్, తాండూరు ఊళ్ళకు కొత్త కళ వచ్చింది. తాండూరు నాపరాయి, కందులు దూరదేశాలకు పోవడానికి దారి ఏర్పడింది. వ్యాపారం పెరిగితే సొమ్ము భద్రంగా దాచే చోటు కావాలి, అప్పు పుట్టే చోటు కావాలి. ఆ రెండూ చాలాకాలం సావుకారు దుకాణంలోనే దొరికేవి. మాటే పత్రం, ముఖపరిచయమే జమానతు.

1904లో బ్రిటిషిండియాలో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. నిజాం రాజ్యంలో అటువంటి చట్టం 1914లో అయింది. హైదరాబాద్‌లో మనవారు వడ్డీలేని రుణసంఘాలు కూడా నడిపారు. సభ్యులు తలా కొంత వేసుకుని, అవసరమున్నవారికి ఖర్జె హసనా ఇచ్చుకునేవారు. ఉస్మానియాలో పనిచేసిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ఈ సంఘాల గురించి ప్రపంచానికి రాసి తెలిపారు. 1942లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు తలుపులు తెరిచింది. అదే తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. డిపాజిటుదారుకు దొరికిన రక్షణల్లో చాలా భాగం ఎవరో ఒకరు నష్టపోయిన తర్వాతే వచ్చాయి. 1960లో కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడింది. దాని ఫలితంగా 1962 జనవరి 1 నుంచి డిపాజిట్లకు బీమా మొదలైంది. అప్పుడు ఒక్కొక్కరికి హామీ 1,500 రూపాయలు మాత్రమే. 1968లో చట్టం సవరించి సహకార బ్యాంకులను కూడా చేర్చారు. 1993లో హామీ లక్ష అయింది. 2001లో సికింద్రాబాద్‌లోని కృషి సహకార బ్యాంకు కుప్పకూలింది. కొద్దికాలానికే ప్రుడెన్షియల్, చార్మినార్ సహకార బ్యాంకులు కూడా చిక్కుల్లో పడ్డాయి. బిడ్డ పెళ్ళికని, హజ్‌కని దాచుకున్న కుటుంబాలకు అటువంటి రోజులు ఎట్లుంటాయో వేరే చెప్పనక్కరలేదు. 2020 ఫిబ్రవరి 4 నుంచి హామీ 5 లక్షలకు పెరిగింది.

అయితే ఈ బీమా బ్యాంకులకే గాని, లాభం పంచుతామనే కంపెనీలకు లేదు. 2019లో బెంగుళూరులో ఐ.ఎం.ఏ. సంస్థ కూలినప్పుడు వేలాది మంది మనవాళ్ళు దిక్కులేక నిలబడ్డారు. హలాల్ అనే మాట విని సొమ్ము ఇచ్చారు, ఆ సంస్థకు ఎవరు పూచీ అని అడగలేదు.

ఇప్పటి దొంగ బ్యాంకు గోడకు కన్నం వేయడు. 2022 జనవరిలో హైదరాబాద్ మహేష్ సహకార బ్యాంకు నుంచి ఒక్క వారాంతంలో 12 కోట్లకు పైగా సొమ్ము తరలిపోయింది. ఉద్యోగులకు వచ్చిన దొంగ ఈ-మెయిళ్ళను తెరవడంతో లోపలికి దారి దొరికిందని పోలీసులు తేల్చారు. రక్షణ నిబంధనలు పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జుర్మానా వేసింది.

ఇందులో మన పిల్లలకు చెప్పవలసిన పాఠం మరొకటి ఉంది. దొంగిలించిన ఆ సొమ్ము వందకు పైగా ఖాతాల గుండా నడిచింది. ఇటువంటి నేరాల్లో కమీషన్ ఆశ చూపి బీద కుర్రవాళ్ళ ఖాతాలు వాడుకోవడం రివాజైపోయింది. ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ము అద్దెకు ఇచ్చినవాడు 'నాకేమీ తెలియదు' అన్నా కేసు తప్పదు. అసలు దొంగ ఎక్కడో ఉంటాడు, జైలు గడప తొక్కేది మన ఇంటి బిడ్డ.

ఫోనులో వచ్చే మోసగాడి పద్ధతి గమనించండి. ఎవరికీ చెప్పవద్దంటాడు, వెంటనే చేయమంటాడు, కాగితమేదీ చూపడు. అంటే సాక్షిని తీసేస్తాడు, నిదానాన్ని తీసేస్తాడు, రాతను తీసేస్తాడు. మన పెద్దలు పెట్టుకున్న కావళ్ళను ఒక్కొక్కటిగా తొలగించడమే వాని విద్య. కనుక సొమ్ము పంపే ముందు ఇంట్లో ఒకరికి చెప్పండి. తొందర పెడితే ఫోను పెట్టేసి, స్వయంగా బ్యాంకుకు పోయి అడగండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. సొమ్ము మనకు రావడానికి పిన్ కొట్టే పని లేదు. 'డిజిటల్ అరెస్టు' అనేది మన చట్టంలో లేనే లేదు. గల్ఫ్ నుంచి కొడుకు పంపే సొమ్ము మీద బతికే తల్లులకు ఈ మాటలు చదివి వినిపించాలి.

మోసం జరిగితే సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి, బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపాలి. సొమ్ము చేతులు మారేలోపు చెబితేనే ఆపే వీలుంటుంది.

ప్రతి మొహల్లాలో ఇద్దరు చదువుకున్న యువకులు ముందుకు వచ్చి పెద్దవాళ్ళకు తోడుగా ఉండాలని సభ్యులందరినీ కోరుతున్నాము. వెనుకటి రక్షణలు నష్టం తర్వాత వచ్చాయి. ఈసారి నష్టానికి ముందే మేలుకుందాము.